పేపరు అందరికీ ఒకటే, చదివిన ఏడాది మాత్రం వేరు: గోదావరి డెల్టాలో పేద పిల్లలూ, పరీక్షలూ

క్లుప్తంగా: రాష్ట్రమంతా ఒకే ప్రశ్నపత్రంతో జరిగే పరీక్షల్లో పేద పిల్లలకు మార్కులు తగ్గడానికి అసలు కారణం చాలావరకు పరీక్షకు ముందు గడిచిన నెలల్లోనే ఉంటుంది. అయితే పిల్లలకు ఏం రాదో కనుక్కోవడానికీ, బడికి ర్యాంకు ఇవ్వడానికీ, పైచదువుకు ఎవరు వెళ్లాలో తేల్చడానికీ ఒకే మార్కును వాడటం మొదలుపెట్టాక ఆ నష్టం ఇంకా పెరుగుతుంది. అలాగని పరీక్షలు తీసేస్తే ఈ పిల్లలకు మేలు జరుగుతుందనీ చెప్పలేం. కొన్నిచోట్ల వాళ్లకున్న ఒకే ఒక్క ఆసరా ఆ పరీక్షే.

ఏప్రిల్‌లో పదో తరగతి ఫలితాలు రాగానే భీమవరం, అమలాపురం, పాలకొల్లు, రావులపాలెం సెంటర్లలో ఫ్లెక్సీలు లేస్తాయి. 600కి 590 దాటిన పిల్లల ఫొటోలు, కింద బడి పేరు, ఫోన్ నంబరు. అదే రోజు పేపర్లో జిల్లాల వరుస కూడా వస్తుంది. ఆ వరుస చూసి చాలామంది తికమక పడుతున్నారు. 2023, 2024, 2025 మూడేళ్లూ ఉత్తీర్ణతలో మొదటి స్థానం పార్వతీపురం మన్యం జిల్లాదే. కాలువల కింద రెండు పంటలు, వీధికో కాన్వెంటు, ఊరికో ట్యూషను ఉన్న డెల్టా జిల్లాలను గిరిజనులు ఎక్కువగా ఉండే ఒక చిన్న జిల్లా దాటేసింది. పేదరికం మార్కులు తగ్గిస్తుందనేది నిజమైతే ఇదెలా సాధ్యం? దీనికి జవాబు దొరకాలంటే ముందు ఏ పరీక్ష దేనికోసం పెడుతున్నారో చూడాలి.

ఎన్ని పరీక్షలు, ఎన్ని పనులు

ప్రభుత్వ బడిలో చదివే పిల్లలకు ఏడాదిలో నాలుగు ఎఫ్‌ఏలు (మధ్యమధ్యలో పెట్టే చిన్న పరీక్షలు), రెండు ఎస్‌ఏలు (పెద్ద పరీక్షలు) ఉంటాయి. వీటిలో కొన్నిటిని మధ్యలో ఓఎంఆర్ షీట్ల మీద గడులు నింపే పద్ధతిలోకి మార్చారు. ఇవి కాక జాతీయ స్థాయి సర్వేలున్నాయి. 2021 నవంబరు 12న న్యాస్ (జాతీయ సాధన సర్వే) జరిగింది, దాని స్థానంలో వచ్చిన పరఖ్ రాష్ట్రీయ సర్వేక్షణ్ 2024 డిసెంబరు 4న 3, 6, 9 తరగతులకు జరిగింది. ఈ సర్వేల్లో ఏ ఒక్కరికీ విడిగా మార్కు రాదు, జిల్లాకూ రాష్ట్రానికీ మాత్రమే వస్తుంది. ఇక జీవితం మలుపు తిప్పే పరీక్షలు వేరే ఉన్నాయి: అయిదులో నవోదయ, గురుకులాల ప్రవేశ పరీక్షలు, ఎనిమిదిలో ఎన్‌ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష, చివరికి పది.

పేర్లు ఎన్నున్నా వీటితో చేయించుకునే పనులు మూడే. పిల్లలు ఎక్కడ ఆగిపోయారో చూడటం ఒకటి. బడి, మండలం, జిల్లా ఎలా పనిచేస్తున్నాయో లెక్క కట్టడం రెండోది. ఎవరు ముందుకెళ్లాలో ఏరడం మూడోది. పేద పిల్లలకు అన్నిటికన్నా ఎక్కువ అవసరమైనది మొదటి పని. అధికారుల సమీక్షల్లో వినిపించేది రెండోది. ఇంట్లో తల్లిదండ్రుల టెన్షనంతా మూడోదాని గురించి. ఒకే మార్కు ఈ మూడింటికీ జవాబు చెప్పాల్సి వచ్చినప్పుడు మొదటి పనే ముందుగా వెనక్కి పోతుంది, ఎందుకంటే దాన్ని అడిగేవాళ్లు ఎవరూ ఉండరు.

డెల్టాలో బడి ఏడాది ఎలా నడుస్తుంది

బడులు జూన్ 12న తెరుస్తారు. జులై, ఆగస్టుల్లో గోదావరికి వరద. చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే దాదాపు ఏటా మునుగుతుంది, అవతలి పిల్లలు పడవ ఎక్కాలి, వరద పెరిగితే పడవా ఆపేస్తారు. 2022 జులైలో ధవళేశ్వరం బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు సముద్రంలోకి వదిలినప్పుడు లంక ఊళ్లలో చాలామందికి బడి మాట అటుంచి ఇల్లే లేదు. గట్టు మీది బడి భవనం అప్పుడు పునరావాస కేంద్రమవుతుంది. మొదటి ఎఫ్‌ఏ వచ్చేది దాదాపు ఈ రోజుల్లోనే. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండాలు, తుపాన్లు, సెలవులు. ఎస్‌ఏ-1 ఆ పక్కనే. దాళ్వా (రెండో పంట) కోతలు మార్చి ఆఖరు, ఏప్రిల్ రోజుల్లో. పబ్లిక్ పరీక్షలూ, ఎస్‌ఏ-2 అదే సమయంలో. అమ్మానాన్నలిద్దరూ కోతకెళ్తే ఇంట్లో చిన్నవాళ్లను చూసుకునేది ఎవరో వేరే చెప్పక్కర్లేదు, ఎక్కువసార్లు అది ఆడపిల్లే.

ఉండి, ఆకివీడు, కాళ్ల, మొగల్తూరు వైపు చెరువుల దగ్గర ఇంకో రకం ఇబ్బంది. రొయ్యల చెరువు కాపలాకు వేరే ఊళ్ల నుంచి, వేరే జిల్లాల నుంచి కుటుంబాలు వచ్చి గట్టు మీద షెడ్డులో ఉంటాయి. పట్టుబడి (రొయ్యలు పట్టడం) అయిపోయి యజమాని చెరువు ఎండబెడితే ఆ కుటుంబం ఇంకో చెరువుకు మారుతుంది. బడి రిజిస్టర్లో పేరు ఒకచోట, పిల్లలు ఇంకోచోట. కోనసీమ, నరసాపురం ప్రాంతాల్లో తల్లి కువైట్‌కో మస్కట్‌కో ఇంటిపనికి వెళ్తే పిల్లలు అమ్మమ్మ దగ్గర పెరుగుతారు. డబ్బు వస్తుంది, కాన్వెంటు ఫీజు కూడా కట్టొచ్చు, కానీ సాయంత్రం పుస్తకం తెరిపించే మనిషి ఉండదు. పేదరికాన్ని ఆదాయంతోనే కొలిస్తే ఈ పిల్లలు ఆ లెక్కలోకి రారు, మార్కుల్లో మాత్రం కనబడతారు.

ఇదంతా ప్రశ్నపత్రం చేసిన తప్పు కాదు. పేపరు అందరికీ ఒకటే, టైమూ ఒకటే, ప్రమాణం అంటే అదే కదా. కానీ అది కొలిచేది పిల్లల తెలివిని మాత్రమే అనుకుంటే పొరపాటు. ఎన్ని రోజులు బడికి రాగలిగారు, ఇంట్లో ఎవరున్నారు, రాత్రి చదువుకోవడానికి చోటుందా అనేవన్నీ కలిసి ఆ ఒక్క అంకెలో కూర్చుంటాయి. తర్వాత ఆ అంకెను చూసేవాళ్లకు వీటిలో ఏదీ విడిగా కనబడదు.

2022 ఫలితాలు దీనికి పెద్ద ఉదాహరణ. కోవిడ్ వల్ల 2020, 2021ల్లో పదో తరగతి పరీక్షలే జరగలేదు. తిరిగి పెట్టిన మొదటి ఏడాది రాష్ట్ర ఉత్తీర్ణత 67.26 శాతం. 2024కి అది 86.69కి పెరిగి, 2025లో 81.14కి తగ్గింది. 2022లో రాసినవాళ్లు ఎనిమిది చివర్నుంచి తొమ్మిది దాకా ఫోన్‌లోనో టీవీలోనో పాఠాలు వినాల్సిన పిల్లలు. ఇంట్లో ఒకే ఫోనుండి అది నాన్నతో పనికి వెళ్లిపోతే పాఠం లేనట్టే. రెండేళ్ల తర్వాత వాళ్లకిచ్చిన పేపరులో ఆ సంగతి ఎక్కడా లేదు.

లెక్క వచ్చు, ప్రశ్న రాలేదు

చెరువు గట్టున పెరిగిన పిల్లలకు కౌంట్ గురించి ఎవరూ నేర్పక్కర్లేదు. వంద కౌంట్ అంటే కిలోకి వంద రొయ్యలు, ఒక్కోటి 10 గ్రాములు. యాభై కౌంట్ అంటే ఒక్కోటి 20 గ్రాములు. కౌంట్ సగమైతే రొయ్య బరువు రెట్టింపు. కౌంట్ తగ్గేకొద్దీ కిలో ధర పెరుగుతుంది, అందుకే పట్టుబడి ఇవాళా, ఇంకో పది రోజులాగాలా అని ఇంట్లో మాట్లాడుకుంటారు. ఎనిమిదో తరగతి లెక్కల పుస్తకంలో దీన్నే విలోమానుపాతం అంటారు.

అదే పాఠం పరీక్షలో ఎలా వస్తుందంటే: 36 మంది కూలీలు ఒక గోడను 12 రోజుల్లో కడితే, 16 మందికి ఎన్ని రోజులు పడుతుంది? జవాబు 27. ఈ ప్రశ్న ఇంగ్లిష్‌లో ఉండి, ఆ వాక్యం దగ్గరే పిల్లలు ఆగిపోతే వచ్చేది సున్నా. విలోమానుపాతం అర్థం కాలేదా, వాక్యం అర్థం కాలేదా, 36ని 12తో గుణించడం రాలేదా? మూడింటికీ అదే సున్నా. మూడు ఇబ్బందులకూ చేయాల్సిన సాయం మాత్రం పూర్తిగా వేరువేరు. ఓఎంఆర్ షీటైతే ఇంకా కష్టం, ఎందుకంటే అక్కడ తప్పు ఎలా చేశారో చూడటానికి లెక్క చేసిన గీతలు కూడా మిగలవు.

2020-21 నుంచి ప్రభుత్వ బడుల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్‌తో ద్విభాషా పుస్తకాలు వచ్చాయి. ఈ మధ్య పదో తరగతి రాస్తున్నవాళ్లలో ఎక్కువమంది ఇంగ్లిష్ మీడియం వాళ్లే. ఇంగ్లిష్ కావాలని పేద తల్లిదండ్రులే గట్టిగా అడుగుతున్నారు, ఆ కోరికలో తప్పేమీ లేదు. కాకపోతే సోషల్ పరీక్షా, సైన్సు పరీక్షా ఇంట్లో ఇంగ్లిష్ వినని పిల్లలకు ఇంగ్లిష్ పరీక్షలుగా కూడా మారతాయి. కాన్వెంటులో ఎల్‌కేజీ నుంచి ఆ భాష విన్నవాళ్లకు ఆ అదనపు పరీక్ష ఉండదు.

దీనికి ఎదురుగా అసర్ పద్ధతిని పెట్టి చూడండి. ప్రథమ్ సంస్థ 2005 నుంచి ఊళ్లలో ఇళ్లకు వెళ్లి చేస్తున్న సర్వే అది. పిల్లలను ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి నోటితో అడుగుతారు: అక్షరం, పదం, ఒకటో తరగతి స్థాయి నాలుగు వాక్యాలు, రెండో తరగతి స్థాయి చిన్న కథ. ఎక్కడ ఆగితే అక్కడ రాసుకుంటారు. ఎనిమిదో తరగతి పిల్లలు కథ దగ్గర ఆగిపోయారంటే ఏం చేయాలో అక్కడికక్కడే తెలుస్తుంది. ఇందులో ర్యాంకు లేదు, మెరిట్ లేదు. బహుశా అందుకే దీనికి ఫ్లెక్సీ కూడా లేదు.

35 గీత పక్కన ఎవరున్నారు

పదిలో ఒక్కో సబ్జెక్టుకు 35 వస్తే పాసు, హిందీకి 20. ఒక్క సబ్జెక్టు పోయినా ఫెయిలే. బడిని కొలిచేది ఎంతమంది ఆ గీత దాటారని. జనవరి వచ్చేసరికి ఏ హైస్కూల్లోనైనా వందరోజుల ప్రణాళిక నడుస్తుంటుంది, ఉదయం, సాయంత్రం ఎక్స్‌ట్రా క్లాసులుంటాయి, వెనకబడిన పిల్లలను టీచర్లకు తలా కొందరు చొప్పున దత్తత ఇస్తారు. ఇందులో మంచి చాలా ఉంది. తెల్లవారుజామున ఫోన్ చేసి పిల్లల్ని నిద్రలేపే టీచర్లున్నారు, సొంత డబ్బుతో సాయంత్రం టిఫిన్ పెట్టేవాళ్లున్నారు. వాళ్ల కష్టాన్ని తక్కువ చేయడం అన్యాయం.

కానీ గీత ఎక్కడుందో అక్కడే శ్రద్ధంతా పోగవుతుంది. ప్రీ-ఫైనల్లో 28 నుంచి 34 మధ్య వచ్చినవాళ్ల మీద పెట్టిన గంట బడి శాతాన్ని పెంచుతుంది. పది మార్కులు వచ్చినవాళ్ల మీద ఎంత కష్టపడినా ఆ ఏడాదికి శాతం మారదు, ఎందుకంటే వాళ్లకు రానిది పదో తరగతి పాఠం కాదు, నాలుగో తరగతి భాగహారం. 70 వచ్చే పేద పిల్లలను 90కి తీసుకెళ్లినా శాతం మారదు, ఎలాగూ పాసే కదా. దాంతో అట్టడుగున ఉన్నవాళ్లకు మెటీరియల్ ఇచ్చి పదిసార్లు రాయించడం, బాగా చదివేవాళ్లను వాళ్ల మానాన వాళ్లను వదిలేయడం జరుగుతుంది. ఎవరూ చెడు తలపెట్టి చేసే పని కాదిది, కొలిచే పద్ధతే అటు నెడుతుంది.

అమెరికాలో ఇది పెద్ద ఎత్తున జరిగింది. 2002లో సంతకమైన నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్ చట్టం 3 నుంచి 8 తరగతుల దాకా ఏటా చదవడంలో, లెక్కల్లో పరీక్ష పెట్టమంది, 2014 నాటికి పిల్లలందరూ నిర్ణీత స్థాయికి రావాలంది, రాని బడుల మీద చర్యలంది. షికాగో బడుల మీద ఆర్థికవేత్తలు నీల్, షాన్‌జెన్‌బాక్ చేసి 2010లో అచ్చువేసిన అధ్యయనంలో మధ్యలో ఉన్న పిల్లల మార్కులు పెరిగాయి, బాగా వెనకబడినవాళ్లకు లాభం కనబడలేదు. చట్టం పేరు ఎవరినీ వెనక వదలొద్దని. వెనక మిగిలింది ఎవరికోసం ఆ చట్టం తెచ్చామన్నారో వాళ్లే. అయితే ఆ చట్టం వల్ల ఒక మేలూ జరిగింది: నల్లజాతి పిల్లల, పేద పిల్లల, వికలాంగుల ఫలితాలు విడివిడిగా చూపించాల్సి వచ్చింది, సగటు చాటున దాచుకునే వీల్లేకుండా పోయింది. నాలుగో తరగతి లెక్కల్లో మార్కులు పెరిగాయని కూడా అధ్యయనాలున్నాయి. 2015లో దాని స్థానంలో వచ్చిన చట్టం పరీక్షలను ఉంచి, శిక్షలను చాలావరకు రాష్ట్రాలకు వదిలేసింది.

అంకె మీద ఒత్తిడి పడితే

ఒక కొలత మీద ఎంత భారం మోపితే అది అంతగా వంగిపోతుందని అమెరికా సామాజిక శాస్త్రవేత్త డొనాల్డ్ క్యాంప్‌బెల్ 1976లోనే రాశాడు. అమెరికాలోని అట్లాంటా నగరంలో టీచర్లే జవాబులు దిద్దిన వ్యవహారం 2011లో బయటపడినప్పుడు 44 బడుల్లో 178 మంది పేర్లు విచారణ నివేదికలో వచ్చాయి. ఉదాహరణ కోసం అంత దూరం వెళ్లక్కర్లేదు, మన దగ్గరే ఉంది. మధ్యప్రదేశ్, ఆంధ్రప్రదేశ్ బడుల పరీక్షల సమాచారాన్ని తిరిగి పరీక్షించి చూసిన ఆర్థికవేత్త అభిజీత్ సింగ్, బడిలో టీచర్ల పర్యవేక్షణలో కాగితం మీద జరిగే పరీక్షలు పిల్లల స్థాయిని ఉన్నదానికన్నా ఎక్కువగా చూపిస్తున్నాయని, ట్యాబ్ మీద పెడితే ఆ తేడా బాగా తగ్గిందని తేల్చారు.

ఇందులో నష్టపోయేది ఎవరు? బోర్డు మీద జవాబు చూసి రాసిన పిల్లలకు ఆ పూట సంతోషంగానే ఉంటుంది. కానీ వాళ్లకు చదవడం రాదన్న సంగతి రికార్డులో లేకుండా పోతుంది. కాన్వెంటు పిల్లలకు ఇలాంటిది జరిగితే ఇంట్లో ఎవరో ఒకరు పుస్తకం తెరిపించి కనిపెడతారు, ట్యూషన్ మాస్టారు చెబుతాడు. అమ్మానాన్నలకు చదువు రాని ఇంట్లో బడి ఇచ్చిన మార్కు తప్ప వేరే ఆధారం లేదు.

అయినా పరీక్ష అవసరమే

ఇంత చెప్పాక పరీక్షలు ఎత్తేయాలనిపించడం సహజం. కానీ వాటి బదులు వచ్చేదేంటో చూడాలి. ఆర్థికవేత్తలు రెమా హన్నా, లీ లిండెన్ మన దేశంలోనే ఒక ప్రయోగం చేసి 2012లో అచ్చువేశారు. పిల్లల జవాబు పత్రాల పైన కులం వివరాలు లాటరీ తీసినట్టు మార్చి రాసి టీచర్లతో దిద్దించారు. తక్కువ కులమని రాసి ఉన్న పత్రాలకు మార్కులు కాస్త తక్కువ పడ్డాయి. తేడా పెద్దది కాదు, కానీ ఉంది. పబ్లిక్ పరీక్షలో పేరు కనబడకుండా కోడ్ వేసి వేరే చోట దిద్దించడానికి ఉన్న విలువ ఇక్కడ తెలుస్తుంది. ఇంటర్వ్యూ, సిఫారసు, టీచరు అభిప్రాయం లాంటివి ఏరే పనిలోకి వస్తే గట్టి పరిచయాలున్నవాళ్లే గెలుస్తారు, చెరువు కాపలావాడి కూతురు కాదు.

డెల్టా పేద పిల్లలకు తెరుచుకునే కొన్ని తలుపులు పరీక్షల వల్లే తెరుచుకుంటున్నాయి. ఎన్‌ఎంఎంఎస్ గెలిస్తే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000, నాలుగేళ్లకు 48,000 వస్తాయి. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలే రాయాలి, కుటుంబ ఆదాయం మూడున్నర లక్షలు దాటకూడదు. పెద్దాపురం, పెదవేగి నవోదయల్లో కనీసం 75 శాతం సీట్లు పల్లె పిల్లలవి. నూజివీడు ట్రిపుల్ ఐటీలో సీట్లు పదో తరగతి మార్కుల మీదే ఇస్తారు, ప్రభుత్వ బడుల్లో చదివినవాళ్లకు డిప్రివేషన్ స్కోరు కింద 4 శాతం కలుపుతారు. ఆ 4 శాతం చిన్నదే, కానీ పేపరు ఒకటైనా చదివిన పరిస్థితులు ఒకటి కాదని ప్రభుత్వమే అంకెల్లో ఒప్పుకున్న అరుదైన చోటు అది. తమిళనాడు 2020లో ఇదే ఆలోచనతో నీట్ పాసైన ప్రభుత్వ బడి పిల్లలకు మెడికల్ సీట్లలో 7.5 శాతం కేటాయించింది.

ఈ తలుపుల దగ్గరా ఒక జల్లెడ ఉంది. దరఖాస్తు ఎప్పుడు పెట్టాలో చెప్పేదెవరు, ఆదాయ, కుల ధ్రువపత్రాల కోసం గ్రామ సచివాలయం చుట్టూ తిరిగేదెవరు, నవోదయ ప్రశ్నపత్రంలో సగం మార్కులున్న మెంటల్ ఎబిలిటీ బొమ్మలు ముందే ఒకసారి చూపించేదెవరు. పట్నాల్లో నవోదయ కోచింగ్‌కు నాలుగో తరగతి నుంచే పంపేవాళ్లున్నారు. శ్రద్ధగల ఒక్క టీచరున్న బడి నుంచి ఏటా ఎన్‌ఎంఎంఎస్ పేర్లు వస్తుంటే పక్క ఊరి బడి నుంచి దరఖాస్తే వెళ్లకపోవడం ఇందువల్లే.

మన్యం ప్రశ్నకు జవాబు

పార్వతీపురం మన్యంలో పిల్లలు చాలామంది చదివేది గురుకులాల్లో, ఆశ్రమ పాఠశాలల్లో. రాష్ట్రం మొత్తంలో కూడా ఉత్తీర్ణత పట్టికలో గురుకులాలు ఏటా పైవరసలోనే ఉంటున్నాయి. అక్కడి పిల్లలదీ పేద కుటుంబాలే, కానీ మూడుపూటలా తిండి, మంచం, రాత్రి స్టడీ అవర్‌లో పక్కన టీచరు, వరదొచ్చినా ఆగని బడి. వాళ్ల ఏడాదికీ కాన్వెంటు పిల్లల ఏడాదికీ తేడా తగ్గింది. కొన్ని గురుకులాలు ప్రవేశ పరీక్షతో ముందే ఏరుకుంటాయి కాబట్టి ఘనతంతా వసతిదే అనడానికి లేదు. ఉత్తీర్ణత శాతం చెప్పేది 35 గీత దాటారా లేదా అనే సంగతే, ఎంత పైకి వెళ్లారో చెప్పదు. ఈ రెండూ తీసేసినా మిగిలే విషయం బలమైనదే: పేదరికం మార్కును నేరుగా తగ్గించదు, చదివే గంటలను తగ్గించి దాని ద్వారా తగ్గిస్తుంది. గంటలు తిరిగిస్తే మార్కులూ తిరిగొస్తాయి. డెల్టాలో ఇంటి నుంచే బడికి వెళ్లే ప్రభుత్వ బడి పిల్లలకు ఆ గంటలు ఇంకా తిరిగి దక్కలేదు.

పరీక్ష పెట్టాక ఏం జరగాలి

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో 2005 నుంచి ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేసిన ప్రయోగాలు ఇక్కడ పనికొస్తాయి. ఒక ప్రయోగంలో పిల్లలకు పరీక్ష పెట్టి, ఎవరికి ఏం రాదో వివరంగా రాసి టీచర్లకు ఇచ్చారు. చూడటానికి వెళ్లినప్పుడు టీచర్లు చురుగ్గానే కనబడ్డారు, కానీ ఏడాది చివర మార్కుల్లో తేడా లేదు. ఇంకో ప్రయోగంలో పిల్లల ప్రగతిని బట్టి టీచర్లకు బోనస్ ఇస్తే రెండేళ్లలో మార్కులు పెరిగాయి, బోనస్ లేని సబ్జెక్టుల్లోనూ పెరిగాయి. పైగా బోనస్ ఉన్న బడుల్లో ఆ వివరాల కాగితాన్ని వాడుకున్నచోట ఫలితం కనబడింది. అంటే సమాచారం ఉన్నంత మాత్రాన సరిపోదు, దాన్ని వాడటానికి టీచరుకు కారణమూ సమయమూ ఉండాలి. ఆ బోనస్ లెక్కలో ప్రతి ఒక్కరి పెరుగుదలా కలిసేది, గీత దాటడం ఒక్కటే కాదు. అందుకే అట్టడుగు పిల్లలను వదిలేసే ఒత్తిడి అక్కడ రాలేదు.

విద్యాహక్కు చట్టం 2019 సవరణతో 5, 8 తరగతుల్లో ఫెయిలైనవాళ్లను అదే తరగతిలో ఆపే వీలు రాష్ట్రాలకు వచ్చింది, 2024 డిసెంబరులో కేంద్రం తన బడుల్లో దాన్ని అమల్లోకి తెచ్చింది. డెల్టాలో ఇలాంటిది వస్తే ముందు ఆగిపోయేది చెరువులు మారే కుటుంబాల పిల్లలు, వరదల్లో బడి పోయిన లంక పిల్లలు. వయసు పెరిగి, చిన్నవాళ్ల పక్కన కూర్చోలేక, రొయ్యల ప్లాంటుకో ఇటుకబట్టీకో వెళ్లిపోయే అవకాశం ఎక్కువ. అలాగని ఏమీ రాకుండా తొమ్మిది దాకా తోసేయడమూ మేలేం కాదు, పదిలో ఆ లెక్క తేలిపోతుంది.

2025లో ఫలితాలు ఏప్రిల్ 23న వచ్చాయి, సప్లిమెంటరీ మే 19న మొదలైంది. నాలుగో తరగతి నుంచి లెక్కలు వదిలేసిన పిల్లలకు మధ్యలో దొరికింది నాలుగు వారాలు కూడా కాదు, అదీ వేసవి సెలవుల్లో. ఆరో తరగతిలో చేరిన రోజే కూర్చోబెట్టి ఒక పేరా చదివించి, ఒక భాగహారం చేయించి ఉంటే వాళ్లకు దొరికేది అయిదేళ్లు. దానికి కావాల్సింది ఒక కాగితం, ఒక్కొక్కరికీ పది నిమిషాలు, ఆ తర్వాత ఆ కాగితం సమీక్షకు పైకి పోకుండా తరగతి గదిలోనే ఉండటం.